ఇరవై నక్షత్రాల చలికాలం

మారియో పార్టీ 6 అనే వీడియో గేమ్ గురించి మా ఇళ్లలో ఎప్పుడు మాట వచ్చినా, స్నోఫ్లేక్ లేక్ బోర్డు పేరెత్తగానే ఎవరో ఒకరు "ఆ దొంగల బోర్డు వద్దు" అంటారు. అలా అనేవాళ్లలో మా చెల్లె మొదటిది, మా బావ రెండోవాడు. పదమూడేళ్లుగా నేనొక్కణ్ణే ఆ బోర్డు పక్షాన నిలబడి మాట్లాడుతున్నాను. మాట్లాడగా మాట్లాడగా నా వాదన నాకే కొంత తేటపడింది కనుక, దాన్ని ఒకసారి పద్ధతిగా రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇంతే: చలికాలం పేరు పెట్టుకుని వచ్చే గేమ్ బోర్డుల్లో చాలా భాగం తెల్లరంగు పూసుకున్న మామూలు బోర్డులే. స్నోఫ్లేక్ లేక్ మాత్రం చలికాలాన్ని రంగులో పెట్టి ఊరుకోలేదు, లెక్కలో పెట్టింది.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. మారియో పార్టీ వరుసలో మొదటి ఆట 1998లో నింటెండో 64 అనే గేమ్ యంత్రం మీద వచ్చింది. ఆరోది 2004లో, టీవీకి తగిలించి ఆడే గేమ్‌క్యూబ్ అనే యంత్రం మీద వచ్చింది. తయారు చేసింది హడ్సన్ సాఫ్ట్ అనే జపాన్ సంస్థ. తెర మీద ఒక బోర్డు ఉంటుంది, దాని మీద గుండ్రటి గడులు దారిగా పేర్చి ఉంటాయి. నలుగురు ఆటగాళ్లు వంతులవారీగా పాచిక వేసి ఆ గడుల మీద నడుస్తారు. ప్రతి రౌండు చివర నలుగురూ కలిసి నిమిషంలోపు ముగిసే ఒక చిన్న ఆట ఆడతారు, అందులో గెలిచినవారికి 10 నాణేలు వస్తాయి. నాణేలు కూడబెట్టి నక్షత్రం కొనుక్కోవాలి. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ నక్షత్రాలుంటే వారు గెలిచినట్టు. అష్టాచెమ్మకు అంగడి తోడైతే ఎట్లా ఉంటుందో ఇది అట్లా ఉంటుంది.

ఆరో భాగానికి ఒక ప్రత్యేకత ఉంది. సూర్యుడూ చంద్రుడూ మాలో ఎవరు గొప్ప అని పోట్లాడుకోవడం దీని కథ. అందుకు తగ్గట్టు ప్రతి మూడు రౌండ్లకొకసారి పగలు రాత్రిగానూ, రాత్రి పగలుగానూ మారుతుంది, దానితోపాటు బోర్డు మీద కొన్ని సంగతులు తారుమారవుతాయి. మామూలుగా ఆడే బోర్డులు ఆరు. వాటిలో టవరింగ్ ట్రీటాప్ అనే చెట్టు బోర్డు పాత సంప్రదాయం ప్రకారమే నడుస్తుంది. నక్షత్రం ఒకచోట ఉంటుంది, అక్కడికి చేరి 20 నాణేలిచ్చి కొనుక్కుంటే అది మరోచోటికి మారుతుంది. ఫెయిర్ స్క్వేర్ అనే జాతర బోర్డులోనైతే చేతిలో డబ్బుంటే ఒకే విడతలో ఐదు నక్షత్రాల దాకా కొనవచ్చు. ఈ బోర్డులన్నిటి వెనక ఒకే నమ్మకం ఉంది: సరుకు తరగదు. నువ్వు కొన్నావని నాకు కొరత పడదు. కొంచెం ఆలస్యమవుతుందేమో గానీ నా వంతు నాకు వస్తుంది.

స్నోఫ్లేక్ లేక్‌లో ఆ నమ్మకం మొదటి నిమిషంలోనే పోతుంది. ఆట మొదలవుతూనే నలుగురి చేతుల్లోనూ తలా ఐదు నక్షత్రాలు పెడతారు. కొత్తవాళ్లు అక్కడ సంబరపడతారు, మేమూ పడ్డాం. తరువాత బోర్డంతా ఎంత తిరిగినా నక్షత్రాలు అమ్మే చోటు కనబడదు, ఎందుకంటే అది లేదు. గడ్డకట్టిన చెరువు, దాని చుట్టూ మంచు, ఆ మంచులో అక్కడక్కడ కాపు కాసి ఉండే చెయిన్ చాంప్‌లు మాత్రమే ఉన్నాయి. చెయిన్ చాంప్ అంటే పళ్లున్న నల్లటి ఇనుపగుండు. నాణేలిచ్చి దాని మీదెక్కితే పాచిక పడినంత దూరం అది దూసుకుపోతుంది, దారిలో ఎదురైన ప్రతి ఆటగాడి దగ్గరా ఒక నక్షత్రం లాక్కుంటుంది. నక్షత్రం సంపాదించే పద్ధతి ఇదొక్కటే. ఒకటీ అరా వింతలు పక్కన పెడితే, ఐదు నాలుగులు ఇరవై అన్న లెక్క ఆట మొదట్లో ఎంత నిజమో చివరిదాకా అంతే నిజం.

ఈ గుండు గురించి ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. మారియోను సృష్టించిన షిగెరు మియామొటో చిన్నతనంలో పొరుగింటి కుక్కొకటి ఆయన మీదికి లంఘించిందట, మెడకున్న గొలుసు పట్టి ఆపబట్టి ఆయన బతికిపోయాడట. ఆ జ్ఞాపకంలోంచి పుట్టిన జీవి ఇది. 1988లో సూపర్ మారియో బ్రదర్స్ 3లో మొదటిసారి కనిపించింది. జపాన్ భాషలో దీని పేరు వాన్‌వాన్, అంటే మన భౌభౌ. మామూలుగా ఈ కుక్క గొలుసుతో ఒక గుంజకు కట్టేసి ఉంటుంది, మన భయానికి అది హద్దు. స్నోఫ్లేక్ లేక్‌లో డబ్బిచ్చి ఆ కుక్కను మనమే పక్కవాడి మీదికి ఉసిగొల్పుతాం. ఆ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, ఆ బోర్డు చేదంతా అక్కడే ఉంది.

మా చేతికి ఈ ఆట వచ్చింది 2012 సంక్రాంతికి. మా మేనమామ కుటుంబం అమెరికా నుంచి హన్మకొండలో ఉన్న అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడు, బావ తన పాత గేమ్‌క్యూబ్‌ను బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. మా నాన్నకు కాజీపేట రైల్వేలో ఉద్యోగం, మేము అక్కడి నుంచి సెలవులకు వచ్చాం. అమెరికా అడాప్టరు 120 వోల్టులది, మన గోడలోంచి వచ్చేది 230. మామయ్య చౌరస్తాకు వెళ్లి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చాడు. ఇటుకంత బరువున్న ఆ ఇనుపడబ్బా ఆటను మించిన చప్పుడుతో గుయ్యిమంటూ ఉండేది. రెండు గంటలు ఆడితే చేయి పెట్టలేనంత వేడెక్కేది. చలికి మా తమ్ముడు పాదాలు దాని పక్కనే పెట్టుకుని కూర్చునేవాడు. ఆట డిస్కు చూస్తే నవ్వు వచ్చింది. 8 సెంటీమీటర్ల ఆ చిన్న బిళ్లను అమ్మమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అద్దమనుకుని ముఖం చూసుకుంది.

అదే గదిలో ఒక పక్క సకినాలు పోస్తున్నారు. వరంగల్ వైపు సంక్రాంతి అంటే సకినాలే. బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి తడిపి, నేల మీద పరిచిన తడిబట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ చుట్లు చుట్లుగా పోస్తారు. కాల్చకముందు అవి తెల్లగా, వరుసలు వరుసలుగా బట్ట నిండా గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. తెర మీద తెల్లటి మంచులో గుండ్రటి గడుల దారి, నేల మీద తెల్లటి సకినాల వరుసలు. రెండిటి మధ్య మేము కంట్రోలర్ తీగలు సకినాల మీద పడకుండా ఎత్తి పట్టుకుని కూర్చున్నాం. అమ్మమ్మ తల ఎత్తి తెర వంక చూసి, "గంత మంచు పడ్తే ఆడ పంట ఎట్ల పండుతది బిడ్డా?" అని అడిగింది. పండదు అమ్మమ్మా, అది ఆట అని నవ్వేశాం. ఆమె మళ్లీ పిండిలో చేయి పెట్టింది. నా వాదన మొత్తం ఆ ప్రశ్నలో ఉన్నదని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజు ఇరవై రౌండ్ల ఆట. చివరి రౌండు నాటికి నా దగ్గర ఎనిమిది నక్షత్రాలు, బావ దగ్గర ఆరు, తమ్ముడి దగ్గర ఐదు, చెల్లె దగ్గర ఒకటి. నా వంతు వచ్చింది. నేను ఊరికే పాచిక వేసి నడిచినా ముందే ఉండేవాణ్ణి. కానీ చెయిన్ చాంప్ ఎదురుగా ఉంది, నాణేలున్నాయి, దారిలో మొదట చెల్లె, ఆ వెనక తమ్ముడు నిలబడి ఉన్నారు. ఎక్కాను. ఇద్దరి దగ్గరా తలా ఒకటి నాకు వచ్చాయి. చెల్లె లెక్క సున్నా అయింది. ఆమె ఏమీ అనలేదు. కంట్రోలర్‌ను చాలా జాగ్రత్తగా, తీగ చుట్టి మరీ కింద పెట్టి, వెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చుని సకినాలు పోయడం మొదలుపెట్టింది. ఆ తీగ చుట్టిన తీరు నాకింకా కళ్లముందుంది, విసిరికొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆట అక్కడితో ఆగలేదు. ఫలితాలు చెప్పేటప్పుడు అదనంగా మూడు నక్షత్రాలు పంచే సంప్రదాయం ఈ వరుసలో ఉంది. చిన్న ఆటల్లో ఎక్కువ నాణేలు గెలిచినవారికి ఒకటి, ఆర్బ్‌లు అనే మాయగోళీలను ఎక్కువగా వాడినవారికి ఒకటి, ప్రశ్నార్థకం గుర్తున్న గడుల మీద ఎక్కువసార్లు ఆగినవారికి ఒకటి. మొదటి రెండూ బావకు పోయాయి. మూడోది చెల్లెకు వచ్చింది. సకినాల దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "ఉన్నయన్ని మీరు గుంజుకున్నరు, గా ఒక్కటి ఆటనే ఇచ్చింది" అన్నది. పది, ఎనిమిది, నాలుగు, ఒకటి. ఆ రాత్రి కాగితం మీద కూడి చూస్తే ఇరవై మూడు వచ్చింది. అదనంగా ఇచ్చిన మూడూ తీసేస్తే ఇరవై. నా గెలుపులో కొత్తగా పుట్టింది ఏమీ లేదని, అదంతా ముగ్గురి చేతుల్లోంచి నడిచి వచ్చిందేనని అంకెలు చూశాక గానీ నాకు పట్టలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగులో మంచు అన్న ఒక్క మాటతోనే మనం చాలా పనులు కానిస్తాం. తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, కాజీపేట స్టేషన్‌లో సిగ్నల్ కనబడనీయకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, రసం బండివాడు సుత్తితో పగలగొట్టేదీ మంచుగడ్డే. ఇన్నిటికి వేరువేరు పేర్లు అక్కర్లేని చోట మనం పుట్టాం. ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం ఏటా ఉండేదే అయినా, తెలంగాణలో ఎక్కడా ఆకాశం నుంచి తెల్లటి మంచు రాలి నేల మీద పేరుకోదు. మన చలికాలం పోగొట్టుకునే కాలం కాదు, ఇంటికి తెచ్చుకునే కాలం. వానాకాలం వడ్లు కల్లాలకు చేరతాయి, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరతాయి, కాకతీయ కాలువ కింద యాసంగి నార్లు పోస్తారు, సంక్రాంతికి అల్లుళ్లు వస్తారు. మాకు తెలుపు అంటే పత్తి, అంటే డబ్బు. అందుకే స్నోఫ్లేక్ లేక్ మొదట్లో నాకు వింతగా తోచింది. ఇంత తెల్లగా ఉన్నచోట ఏమీ దొరకకపోవడం ఏమిటి?

అది మన చలికాలం కాదు, మంచు పడే దేశాల చలికాలం. నేల గడ్డకట్టి నెలల తరబడి ఏదీ మొలవని చోట, ఉన్న నిల్వతోనే ఎండాకాలం దాకా గడపాలి. కొత్తది రాదు. ఎవరి గరిసెలో ఎంతుందన్నదే ప్రశ్న, ఎవరికైనా ఎక్కువ కావాలంటే అది ఇంకొకరి గరిసెలోంచి రావాల్సిందే. ఆటకు ఆ లెక్కను తెచ్చి పెట్టినందుకే స్నోఫ్లేక్ లేక్ నిజమైన చలికాలపు బోర్డు అంటున్నాను. దాని మీది మంచును మొత్తం తుడిచేసి ఆకుపచ్చ రంగు వేసినా, ఆ నియమం ఉన్నంతవరకు ఆడేవాడికి చలి తెలుస్తుంది. ఈ పరీక్షను తిరగేసి చూడండి. డిసెంబరు రాగానే ఫోనులో ఆడే లూడో లాంటి ఆటలు బోర్డు అంచుల మీద కొంచెం తెలుపు చల్లి, మూలన ఒక ఎర్రటోపీ పెట్టి చలికాలం వచ్చిందంటాయి. ఆ తెలుపు తీసేస్తే అక్కడ ఏం మిగులుతుంది? నిన్నటి లూడోయే మిగులుతుంది.

మంచును నియమంగా మార్చడానికి వేరే దారులు లేవని కాదు. మారియో పార్టీ 3లో స్నోబాల్ సమ్మిట్ అని ఒక చిన్న ఆట ఉంది. కొండకొమ్మున నలుగురూ తలా ఒక మంచుముద్ద దొర్లిస్తారు, దొర్లించేకొద్దీ ముద్ద పెరుగుతుంది, పెరిగిన ముద్దతో పక్కవాణ్ణి కిందికి నెట్టాలి. 2020 డిసెంబరులో ఫాల్ గైస్ అనే వీడియో గేమ్‌లో వచ్చిన థిన్ ఐస్ అనే రౌండులో కాలు మోపినకొద్దీ మంచుపలక బీటలు వారి చివరికి కూలిపోతుంది, నిలబడ్డ చోటే ఆటగాడికి శత్రువు. ఈ రెండూ మంచి ఆటలే. వాటిలోనూ మంచు బొమ్మగా మిగలకుండా పని చేస్తుంది. అయితే అవి మంచు అనే వస్తువు గుణాన్ని పట్టుకున్నాయి: జారుతుంది, ముద్దకడుతుంది, విరుగుతుంది. చలికాలం వస్తువు కాదు, కాలం. దాని గుణం కొరత. ఆ రెండో మెట్టు ఎక్కిన బోర్డు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

కొరత ఆట మనకు కొత్తదేమీ కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వామనగుంటల పీట ముందు కూర్చున్నవారికి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏడేసి గుంటలు రెండు వరుసలు, గుంటకు ఐదేసి చింతగింజలు పోసుకుని మేము ఆడేవాళ్లం. మొత్తం డెబ్భై. ఆట ఎన్ని గంటలు సాగినా డెబ్భై ఒకటో గింజ పుట్టదు. అమ్మమ్మ ఎదుటివారి గుంటలు ఖాళీ అవుతున్నప్పుడు పైకి చాలా జాలిగా మాట్లాడుతూ, చేత్తో మాత్రం ఒక్క గింజ కూడా వదిలేది కాదు. మరి ఆ ఆటలో ఎవరూ కంట్రోలర్ తీగ చుట్టి లేచిపోలేదేం? దీని గురించి నేను చాలా ఆలోచించాను. గుంటల ఆటలో గింజలు ఒక క్రమంలో నడుస్తాయి. నేను ఒక గుంట ఎత్తి పంచడం మొదలుపెడితే అవి ఎక్కడ ఆగుతాయో అక్కడ ఆగుతాయి, గెలుపు లెక్క వల్ల వచ్చినట్టు ఉంటుంది. స్నోఫ్లేక్ లేక్‌లో నేను డబ్బు చెల్లించి, కుక్కనెక్కి, ఆమె నిలబడ్డ గడి మీదుగా వెళ్తాను. లెక్క అదే, ముఖం వేరు. బోర్డును దొంగల బోర్డు అనేవారికి కనబడేది ఆ ముఖమే.

బావ అభ్యంతరం వేరే రకం. కొరత బోర్డులో వెనకబడినవాడికి కోలుకునే దారి ఉండదు, మూడు రౌండ్లకే ఆట ఎటు పోతుందో తెలిసిపోతుంది, మిగతా పదిహేడు రౌండ్లు ఊరికే నడవడమే అంటాడు. ఇది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. అయితే నా అనుభవంలో జరిగింది దీనికి విరుద్ధం. మామూలు బోర్డులో ఒకడు నాలుగు నక్షత్రాలు ముందుంటే వెనకవాడు నాలుగు నక్షత్రాలూ కొని అందుకోవాలి. ఇక్కడ ఒక్కసారి కుక్కనెక్కి ముందున్నవాడి మీదుగా పోతే, వాడికి ఒకటి తగ్గి నాకు ఒకటి పెరిగి, దూరం ఒక్క దెబ్బకు రెండు తగ్గుతుంది. పోగొట్టుకోవడం ఎంత త్వరగా జరుగుతుందో తేరుకోవడమూ అంతే త్వరగా జరుగుతుంది. చిన్న ఆటల్లో గెలిచిన 10 నాణేలకు మరే బోర్డులోనూ లేనంత విలువ ఇక్కడుంది, ఎందుకంటే అవి కొనుగోలుకే కాదు, రక్షణకూ పనికివస్తాయి: ఎదుటివాడి దగ్గర నాణేలు లేకుండా చేయగలిగితే వాడు కుక్కనెక్కలేడు. ఇది అర్థమైన రోజు నుంచి బోర్డు మీద ఎక్కడ నిలబడాలన్నది పాచికకు వదిలేసే విషయంగా నాకు అనిపించలేదు.

ఒకచోట మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. ఈ నియమాన్ని మంచు కోసమే కనిపెట్టారని రుజువు చేయలేను. దొంగతనం మీద నడిచే బోర్డు ఒకటి కావాలనుకుని, మిగిలిపోయిన మంచు వేషాన్ని దానికి తొడిగి ఉండవచ్చు. హడ్సన్ సాఫ్ట్ 1973లో మొదలైంది సప్పొరోలో. ఏడాదికి దాదాపు ఐదు మీటర్ల మంచు కురిసే నగరం అది, 1972లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిన చోటు, 1950 నుంచి మంచు బొమ్మల జాతర చేస్తున్న ఊరు. అటువంటి ఊళ్లో వేరూనిన సంస్థకు మంచు అంటే అంచుల మీద చల్లుకునే తెలుపు కాకపోవడం సహజం అనుకుంటాను, అనుకోవడం దగ్గరే ఆగుతాను. ఆ సంస్థ పేరు గురించి మాత్రం రూఢిగా చెప్పగలను. దాన్ని స్థాపించిన కుదో సోదరులకు రైలింజన్ల పిచ్చి. ముందు నాలుగు, నడుమ ఆరు, వెనక నాలుగు చక్రాలుండే ఆవిరి ఇంజను రకాన్ని హడ్సన్ అంటారు, ఆ పేరే పెట్టుకున్నారు. ఈ సంగతి చెబితే, ఇంజన్ల నడుమ పెరిగిన కాజీపేటవాడిగా నేను ఆ సంస్థకు పక్షపాతం చూపుతున్నానని చెల్లె అంటుంది. కొంత నిజమే.

మన చలికాలానికి బోర్డు చేయమంటే ఎట్లా చేస్తారని బావ ఒకసారి నన్ను ఇరుకున పెట్టాడు. సమాధానం అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. కొరత ఇక్కడ పనికిరాదు, మనకు సరుకు వస్తుంది. చలి ఆ వచ్చిన సరుకు విలువను కొరుకుతుంది. మద్దతు ధరకు అమ్మాలంటే పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొనరు. రాత్రంతా ఆరుబయట బండిలో ఉన్న పత్తి మీద మంచు పడుతుంది, ఇక్కడి మంచు. అదే పత్తిని ఎండ ఎక్కినదాకా ఆగి అమ్మితే ఒక ధర, పొద్దున్నే తూకానికి పెడితే ఒక ధర. ఆగితే వరుస పోతుంది. పగలూ రాత్రీ మూడు రౌండ్లకొకసారి మారే ఈ ఆటలో దీనికంటే చక్కగా ఒదిగే నియమం ఏముంటుంది? యాసంగి నారుమడి ఇంకో గడి: రాత్రి చలికి నారు ఎదగక రంగు మారకుండా, పొద్దున చల్లటి నీరు తీసేసి కొత్త నీరు పెట్టేవాడి నారే ముందుకు నడుస్తుంది. ఉత్తరాది పొగమంచుకు చిక్కి గంటల తరబడి ఆలస్యంగా వచ్చే ఢిల్లీ బండి కోసం కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఒక వంతు పోగొట్టుకునే గడి ఒకటి. ఒక్క తెల్లచుక్క కూడా గీయకుండా ఈ బోర్డులో చలి తెలుస్తుంది. బావ ఇదంతా విని, "ఇది ఆట కాదు, మా తాత బతుకు" అన్నాడు. అది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

మిగిలింది అదనపు నక్షత్రాల తగాదా. ఆట మొదలుపెట్టేటప్పుడు వాటిని వద్దనుకునే వీలుంది. మిగతా బోర్డుల్లో అవి ఉన్నా లేకపోయినా నాకు పట్టింపు లేదు గానీ, స్నోఫ్లేక్ లేక్‌లో మాత్రం ఆపేయాలని నా పట్టు. మూత పెట్టిన లెక్కలోకి చివరి నిమిషంలో ఆకాశం నుంచి మూడు నక్షత్రాలు రాలితే, ఇరవై రౌండ్ల పాటు పడిన చలికి అర్థం ఏముంది? పైగా అవి చేయి ఖాళీ అయినవాడిని వెతుక్కుంటూ రావు, చిన్న ఆటల్లో ఎట్లాగూ గెలుస్తున్నవాడికే ఒకటి పోతుంది. చెల్లె వాదన ఇంకోలా ఉంటుంది. ఎంత కరువులోనైనా ఊళ్లో ఎవరో ఒకరు గరిసె తెరుస్తారు, ఆ తలుపు కూడా చలికాలంలో భాగమే అంటుంది. గరిసె తెరిచేవాడు ఆకలిగా ఉన్నవాడికి కొలుస్తాడు గానీ ప్రశ్నార్థకం గుర్తు మీద ఎన్నిసార్లు నిలబడ్డావని అడగడు కదా అంటాను నేను. "నాకైతే కొలిచిండు" అంటుంది ఆమె. 2012లో వచ్చిన ఆ ఒక్క నక్షత్రాన్ని ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, దాని ముందు జరిగినదాన్ని కూడా.

2025 సంక్రాంతికి బావ మళ్లీ వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ అటక మీదే ఉంది, దుమ్ము దులిపి పెడితే అదే గుయ్యిమన్న చప్పుడు. అమ్మమ్మ లేదు. సకినాలు చెల్లె పోసింది, చుట్లు కొంచెం వంకర. ఏ బోర్డు అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆశ్చర్యంగా, స్నోఫ్లేక్ లేక్ పెట్టమన్నది ఆమెనే. అదనపు నక్షత్రాలు ఉంటేనే ఆడతానని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. చివరి రెండు రౌండ్లలో ఆమె రెండుసార్లు కుక్కనెక్కి, రెండుసార్లూ నా మీదుగా పోయింది. ఆమెకు తొమ్మిది, నాకు ఏడు, బావకు నాలుగు, తమ్ముడికి మూడు. ఇరవై మూడు. నా పుస్తకంలో మాత్రం ఆ మూడూ తీసేసి ఇరవైకే లెక్క రాసుకున్నాను. అట్లా రాసినా ఆమెదే గెలుపు.